జ్వరం లేని ఒంట్లో మలేరియా

ఒడిశాలోని మా రాయగడలో మలేరియా గురించి కొత్తగా చెప్పేదేముంది అంటారు ఇక్కడి మన తెలుగువాళ్ళు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాకైతే చాలానే ఉందనిపిస్తుంది. జ్వరంతో వచ్చినవాళ్ళ రక్తం కంటే, జ్వరం లేనివాళ్ళ రక్తమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

హైదరాబాద్‌లో కొన్నేళ్ళుగా తాపీపని చేసుకుంటున్న ఒకతను దసరాకు ఊరొచ్చి, నెల తిరక్కుండానే మంచం పట్టాడు. చలి, వణుకు, వాంతులు. వెంట వచ్చిన తల్లి నమ్మలేదు. "ఈ కొండ కింద పుట్టి పెరిగినవాడమ్మా. వీడికి మలేరియా ఏమిటి?" అంది. అతని స్లైడు నిండా ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి ఉంగరాలే. ఆమెకూ పరీక్ష చేశాను. చలాకీగా తిరుగుతున్న ఆ తల్లి రక్తంలోనూ నెలవంకల్లాంటి ఫాల్సిపారం రూపాలు కనిపించాయి.

మలేరియా పరాన్నజీవి దాక్కోవడానికి ఎంచుకున్న చోటు అలాంటిది. ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు. లోపల శత్రువు చేరిందని పైకి చూపే ఏర్పాటు మిగతా కణాలకు ఉన్నట్టు దానికి లేదు. అందువల్ల వైరస్ సోకిన కణాలను వెతికి చంపే టి కణాలు ఇక్కడ చేయగలిగేది తక్కువ. సుమారు 48 గంటలకోసారి పరాన్నజీవులు కణాన్ని చీల్చుకుని బయటపడతాయి. అప్పుడు మన రక్షక కణాలు వదిలే రసాయనాలే జ్వరం తెప్పిస్తాయి.

ఫాల్సిపారం తను చేరిన కణం మీదకు ఒక ప్రోటీన్‌ను పంపుతుంది. దానితో కణం రక్తనాళం గోడకు అతుక్కుని పాడైన కణాలను వడగట్టే ప్లీహానికి చిక్కకుండా ఉంటుంది. యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టేసరికి అది పగటివేషగాడిలా వేషం మార్చేస్తుంది. అందుకు దాని దగ్గర సుమారు 60 జన్యువులున్నాయి. కొండ ఊళ్ళ పిల్లలు ఆ వేషాలను ఒక్కో జ్వరంతో ఒక్కొక్కటిగా నేర్చుకుంటారు. నేర్చుకునేలోపే ప్రాణం పోయే పిల్లలున్నారు, అది మరువకూడదు.

1961లో కోహెన్, మెక్‌గ్రెగర్ అనే శాస్త్రవేత్తల బృందం ఆఫ్రికాలోని గాంబియాలో పెద్దవాళ్ళ రక్తం నుంచి యాంటీబాడీలను వేరుచేసి, మలేరియాతో ఉన్న పిల్లలకు ఇచ్చింది. పిల్లల రక్తంలో పరాన్నజీవులు బాగా తగ్గాయి. పెద్దలను కాస్తున్నదేమిటో అలా తేలింది.

ఆ కాపలా ఫలితాన్ని నేను కళ్ళారా చూస్తుంటాను. కొన్ని స్లైడుల్లో పెద్ద తెల్ల రక్తకణం ఒకటి కనిపిస్తుంది. దాని కడుపులో గోధుమ రంగు రేణువులు, అది మింగిన పరాన్నజీవుల తాలూకు మిగులు. అది కంటబడితే తర్వాతి స్లైడు పెట్టడానికి నాకు చేయి రాదు.

అయితే ఈ రక్షణ పరాన్నజీవిని అదుపులో పెడుతుందే తప్ప పూర్తిగా తుడిచిపెట్టదు. కొన్నేళ్ళు ఆ దోమకాటుకు దూరమైతే సన్నగిల్లుతుంది కూడా. కొడుకు పడిపోయి తల్లి నిలబడింది అందుకే. తొలి చూలు గర్భిణికి మరో ప్రమాదం ఉంది. గర్భంలోని మాయకు (ప్లాసెంటాకు) అతుక్కునే వేషం ఆమె శరీరానికి పూర్తిగా కొత్తది. అంతకుముందు ఎన్ని జ్వరాలు పడినా దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు ఆమెకు ఉండవు.

ఒడిశాలో మలేరియా నిర్మూలనకు పెట్టే దమన్ శిబిరాలవాళ్ళు జ్వరం లేనివాళ్ళకూ వేలు గుచ్చి చూస్తారు. "బాగున్నవాళ్ళకు పరీక్షెందుకు" అని చాలామంది తలుపు వేసుకుంటారు. ఆ తల్లి రక్తంలోని నెలవంకలను దోమ పీల్చుకుంటే, కొన్నాళ్ళకు అదే దోమ ఆ ఇంట్లో ఇంకొకరిని కుట్టవచ్చు. వాళ్ళ కోడలికి ఇప్పుడు మూడో నెల. తల్లీకొడుకులకు మందు మొదలైంది. కోడలి రక్తంలో ఏమీ కనిపించలేదు. దోమతెర కట్టుకోమన్నాను. ఏ కాస్త ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే రమ్మన్నాను.