నల్లోడి రెండో ఆపరేషన్

మా మగపిల్లి నల్లోడికి ఏడో నెలలోనే విత్తు కొట్టే ఆపరేషన్ చేయించాం. ఒక్క వృషణమే సంచిలోకి దిగిందని, దాన్ని తీసేశామని, రెండోది లోపల ఉన్నా నష్టం లేదని చెప్పి పంపారు. నమ్మాను.

ఏడాది దాటాక మొదలైంది. బియ్యం బస్తాకు వీపు పెట్టి నిలబడతాడు, తోక నిట్టనిలువుగా లేపి కొస వణికిస్తూ మూత్రం చిమ్ముతాడు, అంతే. హన్మకొండలో మాది రెండు గదుల ఇల్లు, వాసన ఎక్కడికి పోతుంది? ఫినాయిలు పోసి కడిగాను. అది పిల్లులకు విషమని తర్వాత తెలిసి గుండె ఝల్లుమంది. "విత్తు కొట్టిచ్చినంక గూడ గీ కంపేందిరా?" అని అమ్మ రోజూ అడిగేది.

వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా కథ సగంలోనే ఆపి, నల్లోణ్ణి వెల్లకిలా పట్టుకోమని, అంగం కొంచెం బయటికి తీసి టార్చి వేశారు. చుట్టూ సన్నటి ముళ్లు. "ఇవి ఉన్నాయంటే లోపల మగ హార్మోను తయారవుతున్నట్టే. మామూలుగా రెండు నెలల వయసుకే రెండూ దిగిపోవాలి. పొట్ట వేడికి లోపలి దాంట్లో వీర్యకణాలు పుట్టకపోవచ్చు గానీ, హార్మోను ఆగదు. ముందు ముందు గడ్డ అయ్యే ప్రమాదం కూడా ఉంది" అన్నారు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: తీసింది కుడిదా, ఎడమదా? పాత చీటీలో 'ఆపరేషన్' అని తప్ప ఏమీ లేదు. మీరైతే ఆ ఒక్క ముక్క తప్పకుండా రాయించుకోండి.

గజ్జల్లో వేళ్లతో వెతికితే తగల్లేదు, స్కానింగులో కూడా కనబడలేదు. ఇక పొట్ట తెరవాల్సిందే. మూత్రాశయం వెనక నుంచి వీర్యనాళాన్ని పట్టుకుని వెళ్తే, ఒక వైపుది ఉత్తగా ఆగిపోయిందట, రెండోది నేరుగా వృషణం దగ్గరికి తీసుకెళ్లిందట. గాజుగుడ్డలో పెట్టి చూపించారు. పాలిపోయిన బఠాణీ గింజంత ఉంది. ఇన్ని నెలల గోల దీనికా అనిపించింది.

కుట్లు నాకకుండా మెడకు కోన్ కట్టారు. దాంతో పన్నెండు రోజులు గోడలకు గుద్దుకుంటూ తిరిగాడు. మొదటి మూడు వారాల్లో మళ్లీ రెండుసార్లు చిమ్మాడు. రక్తంలో మిగిలిన హార్మోను తగ్గడానికి టైం పడుతుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. రెండు నెలలకు మళ్లీ టార్చి వేసి చూస్తే ముళ్లు లేవు.

అమ్మ మాత్రం బియ్యం బస్తాను ఇంకా స్టూలు మీది నుంచి దించలేదు.