కిట్టు విప్పే గదిలో భయం

2020 ఆగస్టు, కొవిడ్ వార్డులో నర్సు డ్యూటీ. విశాఖ ఉక్కపోతకు, వైరస్ సోకకుండా ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్టు తోడైతే చెమట కారి గ్లౌజుల్లో నిలిచేది. రోగి పక్కన ఉన్నప్పటికన్నా డ్యూటీ దిగి కిట్టు విప్పేటప్పుడే నాకు ఎక్కువ భయం. ఒళ్లు అలసి ఉంటుంది, ముక్కు దురద పెడుతుంది, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. గౌను బయటి వైపు తగలకుండా లోపలికి మడుస్తూ తీయాలి. మాస్కు ఆఖరున.

పరీక్షల విషయంలో మాత్రం నా కోపం ఇంకా చల్లారలేదు. తోటి సిస్టరుకు జ్వరం, వాసన తెలియడం లేదు. త్వరగా ఫలితం చెప్పే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో నెగెటివ్ రాగానే "రేపు డ్యూటీకి వచ్చేయమ్మా" అన్నారు ఆస్పత్రి పైవాళ్లు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే, ఇంకా కచ్చితమైన ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జూన్‌లోనే చెప్పింది. పట్టుబట్టి చేయించాం. పాజిటివ్! (మమ్మల్ని గొడవ మనుషులన్నారు. అననివ్వండి.)

ఆమెతో కలిసి భోజనం చేసిన మాకూ పరీక్షలు చేయమంటే, "లక్షణాలు వస్తే చూద్దాం" అన్నారు. లక్షణాలు లేనివారి నుంచీ వైరస్ సోకుతుందని అప్పటికే అందరికీ తెలుసు. మాస్కులు తీసి, కిటికీ లేని గదిలో భుజాలు రాసుకుంటూ పులిహోర తింటున్నాం మరి. పైగా "వార్డులోకి వెళ్లేటప్పుడు జాగ్రత్త" అని మాత్రం పెద్ద పోస్టరు అంటించారు.