అప్పు వసూలు కాకుండా ఇంటికి వెళ్ళరు

నైజీరియాలో లేగోస్ నగరం పొలిమేర దాటగానే వచ్చే ఓటా పట్నంలో, ఒక మందుల ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. సిరప్పు సీసాలకు లేబులు అంటించి అట్టపెట్టెల్లో సర్దే ప్యాకింగ్ లైనుకు నేను సూపర్‌వైజరును. లైను మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు. నేను గుంటూరు మిరప గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య పెరిగినవాడిని. మా అమ్మ కూడా ఆ వరసలో కూర్చునేది. వరసలో కూర్చున్నవాళ్ళు పాట ఆపి గుసగుసలాడుతున్నారంటే ఏదో అడగబోతున్నారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ వారమంతా గుసగుసలే. 2025 జూలై 26, శనివారం రాత్రి తొమ్మిదికి ఆఫ్రికా దేశాల మహిళల ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. మొరాకో రాజధాని రబాత్‌లో మొరాకోతో నైజీరియా ఆడుతుంది. పేరుకు అది 2024 టోర్నమెంటు, జరిగింది 2025లో. మన ఉద్యోగ పరీక్షల నోటిఫికేషన్లకు అలవాటు పడ్డవాడిని కాబట్టి నాకు అదేమీ వింతగా అనిపించలేదు. చిక్కల్లా మా షిఫ్టు పదింటిదాకా ఉండడం, ఆ రాత్రికి పూర్తి కావలసిన బ్యాచిలో మూడు వందల పెట్టెలు మిగలడం.

అడిగింది లైనులో అందరికన్నా పెద్దావిడ. అందరూ ఆమెను మామా అంటారు, అమ్మ అని అర్థం. నేనూ అంతే. నన్ను వాళ్ళు ఓగా అంటారు, బాసు అని. "ఓగా, ఆట చూడనివ్వండి. పెట్టెలు అయ్యాకే ఇంటికి వెళ్తాం" అంది. పైవాళ్ళకు చెప్పకుండా సరేనన్నాను. క్యాంటీను బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టాం. ఎవరో పఫ్ పఫ్ తెచ్చారు. అది మన మైసూర్ బోండాకు తమ్ముడి వరస, కాస్త తీపి ఎక్కువ.

ఫుట్‌బాల్‌లో నాకు తెలిసింది గోలు ఒక్కటే. అది కూడా అవతలివాళ్ళే కొట్టారు. పన్నెండో నిమిషంలో మొరాకో కెప్టెన్ గిజ్లాన్ షెబ్బాక్, ఇరవై నాలుగో నిమిషంలో సనా మ్సూదీ. విరామానికి రెండు సున్నా. క్యాంటీనులో చప్పుడు లేదు. నా బుర్రలో మూడు వందల పెట్టెలు తిరుగుతున్నాయి. "ఇక అయిపోయింది కదా, పదండి లైను మీదికి" అన్నాను.

మామా కదలలేదు. "వీళ్ళ సంగతి మీకు తెలియదు ఓగా. అప్పు వసూలు కాకుండా వీళ్ళు ఇంటికి వెళ్ళరు."

విరామంలో ఆమె చెప్పింది విన్నాక, ఈ జట్టు మీద వీళ్ళకు ఇంత ప్రేమ ఎందుకో కొంత అర్థమైంది. సూపర్ ఫాల్కన్స్ అని పిలిచే ఈ నైజీరియా మహిళల జట్టు అప్పటికే తొమ్మిదిసార్లు ఆఫ్రికా విజేత. మామాకు ఆ తొమ్మిదీ ఏయే సంవత్సరాలో గుర్తు లేవు. గుర్తున్నవి వేరే. 2004లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచాక, బోనస్ ఇచ్చేదాకా హోటలు వదలమని ఆటగాళ్ళు అక్కడే కూర్చున్నారు. 2016లో యావుండేలో సొంతగడ్డ మీద ఆడుతున్న కామెరూన్‌ను ఓడించి వచ్చాక మళ్ళీ అదే కథ. నైజీరియా రాజధాని అబుజాలో హోటల్లో రోజుల తరబడి కూర్చుని, చివరికి పార్లమెంటు దాకా నడిచారు. ఆ రోజు దేశాధ్యక్షుడు లోపల బడ్జెట్ ప్రవేశపెడుతున్నాడు. 2019లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్పు నుంచి వెనుదిరిగినప్పుడూ పాత బాకీల కోసం హోటల్లోనే ఉండిపోయారు. గోల్స్ ఎవరు కొట్టారో తడుముకున్న ఆవిడ, ఏ హోటల్లో ఎందుకు కూర్చున్నారో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పింది.

రెండో సగం అరవై నాలుగో నిమిషంలో ఎస్తర్ ఒకొరొంక్వో పెనాల్టీ కొట్టింది. ఏడు నిమిషాల తరువాత ఫొలషాదే ఇజమిలూసి సమం చేసింది. బల్ల మీద గ్లాసులు పడ్డాయి. ఆ తరువాత రిఫరీ మొరాకోకు పెనాల్టీ ఇచ్చి, వీడియో చూసి వెనక్కి తీసుకుంది. ఆ కాసేపూ మామా కొంగు లాంటి తన తలగుడ్డను నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

ఇంటర్నెట్‌లో వచ్చే ఆట అరనిమిషం ఆలస్యంగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎనభై ఎనిమిదో నిమిషం. మా తెర మీద ఒకొరొంక్వో ఫ్రీకిక్ కోసం బంతిని గడ్డి మీద సర్దుకుంటోంది. ఇంతలో గేటు దగ్గర రేడియో పెట్టుకున్న కాపలావాడు కేక పెట్టాడు. గోడ అవతల వీధి వీధంతా అరిచింది. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గెలిచామని తెలిసిపోయింది, గోలు మాత్రం ఇంకా పడలేదు. ఆ అరనిమిషం తరువాత జెన్నిఫర్ ఎచెగిని మా కోసం మళ్ళీ కొట్టింది. ఈ అమ్మాయి పుట్టింది నెదర్లాండ్స్‌లో. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా మీద చివరి నిమిషాల్లో గోలు కొట్టిన మిషెల్ అలోజీ పుట్టింది అమెరికాలో, ఆట లేనప్పుడు హ్యూస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో క్యాన్సర్ పరిశోధనలో పనిచేసింది. పొట్ట చేతపట్టుకొని వెళ్ళినవాళ్ళ పిల్లలు ఇలా అమ్మానాన్నల దేశం చొక్కా వేసుకొని తిరిగిరావడం చూసి, హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి గుర్తొచ్చింది. దానికి ఫుట్‌బాల్ పట్టదు, అది వేరే సంగతి.

మూడు రెండు. పదో కప్పు. ఆ మూడు వందల పెట్టెలు అర్ధరాత్రికి పూర్తయ్యాయి, పాటలతో.

సోమవారం ఈసారి ఎవరూ హోటల్లో కూర్చోనక్కరలేకపోయింది. దేశాధ్యక్షుడు ఒక్కో ఆటగత్తెకు లక్ష డాలర్ల విలువైన నైరాలు (ఈ దేశపు డబ్బు), అబుజాలో మూడు పడకగదుల ఫ్లాటు ప్రకటించాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర లైనంతా ఫోన్లు తీసి లెక్క కట్టింది. లక్ష డాలర్లంటే పదిహేను కోట్ల నైరాలకు పైమాటే. దేశంలో కనీస వేతనం నెలకు 70,000 నైరాలు. భాగిస్తే సుమారు 180 ఏళ్ళు. ఎవరూ అసూయపడలేదు. ఒకమ్మాయి మాత్రం, "మనకు ఇంకా రావలసిన ఏప్రిల్ ఓవర్‌టైమ్ ఎంత?" అంది.

మరుసటి రోజు గంట మోగినా క్యాంటీనులోంచి ఒక్కరూ లేవలేదు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారంతే. వాళ్ళను లేపి తీసుకురమ్మని నన్ను పంపారు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ల్యాప్‌టాప్ పెట్టి ఆట చూపించింది నేనే కాబట్టి నోరు పెగల్లేదు. సాయంత్రం అకౌంట్స్ మనిషి రిజిస్టరు పట్టుకొని దిగాడు. సగం ఆ వారం, మిగతా సగం ఆగస్టులో చేతికొచ్చింది.

డబ్బు అందిన రోజు మామా నాకు పఫ్ పఫ్ పొట్లం తెచ్చింది. "మరి మీ ఓవర్‌టైమ్ సంగతేమిటి ఓగా?" అని అడిగింది. నా ఒప్పందంలో ఆ మాటే లేదని, నేను ఈ దేశంలో ఉండే అనుమతి కూడా కంపెనీ చేతిలోనే ఉందని చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించింది.

"అయితే మీరు ఎక్కడ కూర్చుంటారు?" అంది.