పసుపు జెర్సీ గడిలో తప్పు పేరు రాశాను

ఈ రోజు 2025 జూలై 14, సోమవారం. ఫ్రాన్స్‌లో జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో పదో స్టేజ్, అంటే పదో రోజు రేసు, ముగిసి రెండు గంటలు కూడా కాలేదు. మనసు ఇంకా కుదుటపడలేదు, అయినా ఇప్పుడే రాస్తే ఉన్నదున్నట్టు వస్తుందని కూర్చున్నాను.

ఆదివారాలు కలిసి అనంతగిరి కొండల దాకా తొక్కే ఆరుగురం మేము. టూర్ జరిగే మూడు వారాలూ ప్రతి స్టేజ్‌కి ముందు ఒక షీట్ నింపుతాం. గెలిచేది బ్రేక్‌అవేలోంచా (ముందుకు తప్పించుకుపోయిన కొద్దిమంది), పెలోటాన్‌లోంచా (వెనక వచ్చే పెద్ద గుంపు)? విజేత ఎవరు? ఫేవరిట్లు ఎంత వెనక వస్తారు? అన్ని స్టేజ్‌ల టైమూ కలిపితే ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ రాత్రికి ఎవరి ఒంటిమీద ఉంటుంది? రేసు మొదలవకముందే పంపేయాలి. అందరికంటే పెద్దాయన, మేం అన్నా అని పిలిచే మనిషి, రాత్రికి ఫోన్‌లో అందరి షీట్లూ పైకి చదువుతాడు. ఇందులో పైసా పందెం లేదు. బెట్టింగ్ యాప్‌లో చేరమని నాకూ మెసేజ్‌లు వస్తాయి, వచ్చినవి వచ్చినట్టే తీసేస్తాను. మా వీధిలో ఒక కుర్రాడు వాటివల్ల బైక్ అమ్ముకున్నాడు. ఆట మీద ప్రేమ ఉన్నవాడు వాటి జోలికి పోకూడదు.

రూట్ చదవడం నాకు నల్లేరు మీద నడక. ఎన్నెజా నుంచి ప్యుయ్ ద సాన్సీ దాకా 165.3 కిలోమీటర్లు, ఎనిమిది ఎక్కుళ్లు, కష్టాన్ని బట్టి ఇచ్చే కేటగిరీల్లో వాటిలో ఏడు రెండోవి. మొత్తం ఎత్తు సుమారు 4,450 మీటర్లు. ఆల్ప్స్‌లాంటి పెద్ద కొండ ఒక్కటీ లేదు. ఓవెర్న్ అగ్నిపర్వతాల మధ్య ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఇలాంటి దారిలో ఒక్క జట్టు రోజంతా రేసును పట్టి ఉంచడం కష్టం.

గెలుపు బ్రేక్‌అవేదే అని రాశాను. మా ఆరుగురిలో అలా రాసింది ఇద్దరమే, అది గర్వంగానే చెబుతున్నాను. కారణాలు కూడా పక్కనే రాశాను. ఇవాళ ఫ్రాన్స్ జాతీయ దినం, ఫ్రెంచ్ రైడర్లు ప్రాణం పెట్టి బ్రేక్‌లోకి దూరతారు. రేపు విశ్రాంతి, కాబట్టి ఎవరూ కాళ్లలో ఏమీ దాచుకోరు. పొద్దున పసుపు జెర్సీలో ఉన్న పొగాచర్ కొండల్లో ఎక్కువగా నమ్ముకునే జట్టువాడు అల్మేడా పక్కటెముక విరిగి నిన్ననే ఇంటికి వెళ్లిపోయాడు. విజేతగా సైమన్ యేట్స్ పేరు రాశాను. జూన్ 1న ఇటలీ పెద్ద రేసు జిరో డిటాలియా గెలిచిన కాళ్లవి. చివరి ఎక్కుడు 3.3 కిలోమీటర్లు, ఎనిమిది శాతం వాలు. అంత నిటారు దారిలో, రోజంతా తొక్కి అలిసిన గుంపులోంచి అతనే తేలతాడనిపించింది. అదే జరిగింది. అతను ఒంటరిగా గీత దాటుతుంటే కుర్చీలోంచి లేచి అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

దెబ్బ నాలుగో గడి దగ్గర తగిలింది. పసుపు జెర్సీ: పొగాచర్. ఏమాత్రం ఆలోచించకుండా రాసేశాను. టూర్‌లో పసుపు జెర్సీ ఒక్కరోజు వేసుకోవడమే జన్మకో గౌరవం, చేతిలో ఉన్నదాన్ని ఎవరైనా ఎందుకు వదులుతారు? నా లెక్క అంతే.

అన్న చదివాడు. ఒక్క క్షణం ఆగాడు. “తమ్ముడూ, బ్రేక్‌అవే అని నువ్వే రాశావు. అందులో ఎవరెవరు ఉండొచ్చో, వాళ్ల టైములెంతో చూశావా?” అన్నాడు. చూడలేదన్నాను. “చూడకుండా నాలుగో గడి ఎలా నింపావు?” అందరూ వింటున్నారు. రెండేళ్లుగా ఈ షీట్లలో ముందుండేది నేనే. నోట మాట రాలేదు.

ఫోన్ పెట్టేశాక కాగితం తీసుకుని లెక్క వేశాను. బ్రేక్‌అవేలో ఉన్న ఐర్లండ్ రైడర్ బెన్ హీలీ పొద్దున మొత్తం టైములో పొగాచర్ కంటే 3 నిమిషాల 55 సెకన్లు వెనక ఉన్నాడు. స్టేజ్‌లో యేట్స్ తర్వాత 31 సెకన్లకు మూడోవాడిగా వచ్చాడు. పొగాచర్ వచ్చింది 4 నిమిషాల 51 సెకన్లకు. అంటే హీలీ లాగింది 4 నిమిషాల 20 సెకన్లు. మూడో స్థానానికి 4 సెకన్ల బోనస్ కలిపితే 4:24. అందులోంచి 3:55 తీసేస్తే మిగిలింది 29 సెకన్లు. ఆ 29 సెకన్లతో పసుపు జెర్సీ అతని ఒంటిమీదికి వచ్చింది. 1987లో స్టీఫెన్ రోష్ తర్వాత ఐర్లండ్‌వాడికి అది ఇప్పుడే.

ఈ లెక్కలో స్టేజ్‌కి ముందే నాకు దొరికేది ఆ 3:55 ఒక్కటే. అది పొద్దుటి టైముల పట్టికలో నా కళ్లముందే ఉంది. ఆరో స్టేజ్‌లో ఇదే హీలీ 42 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలవడం కూడా చూశాను. ఇవాళ బ్రేక్‌లో అతని జట్టువాళ్లు, తనతో కలిపి, నలుగురు. మిగతావాళ్లు స్టేజ్ కోసం కాళ్లు దాచుకుంటుంటే ఇతను టైము కోసం ముందుండి లాగుతూనే ఉన్నాడు. స్టేజ్ పోయినా ఫర్వాలేదనుకున్న మనిషి అతను.

ఇక పొగాచర్ జట్టుకు ఇవాళ జెర్సీ అక్కర్లేదు. ఈ సంగతే నా బుర్రకు ఎక్కడానికి గంట పట్టింది. పసుపు జెర్సీ ఉన్న జట్టు రోజూ పెలోటాన్ ముందు గాలికి ఎదురు తొక్కాలి. వేసుకున్నవాడు రేసయ్యాక పోడియం ఎక్కాలి, విలేకరులకు జవాబు చెప్పాలి, డోపింగ్ పరీక్ష ఇవ్వాలి. తోటివాళ్లు హోటల్లో కాళ్లు చాపుకున్నాక గానీ అతను గది చేరడు. అల్మేడా లేని జట్టు నాలుగు రోజులు ఆ బరువు ఇంకొకరి మీద పెడితే లాభమే. పైగా హీలీ ఆల్ప్స్‌లో వాళ్లకు పోటీ అయ్యే మనిషి కాదు. తేడా పెరుగుతుంటే వాళ్లు తొందరపడకపోవడం నేను టీవీలో చూస్తూనే ఉన్నాను. వ్యాఖ్యాత మాత్రం ‘ఇప్పుడు పట్టేస్తారు’ అని అంటూనే ఉన్నాడు. స్టేజ్ అంచనా వేసేవాళ్లు టీవీ గొంతు తగ్గించి తేడా అంకె ఒక్కటే చూడండి.

నాకు ఇప్పుడు అర్థమైంది ఇది. కొండదారి స్టేజ్‌లో ఎవరు బలవంతుడో అడగకముందు, తరమడం ఎవరికి అవసరమో అడగాలి. ఎవరికీ అవసరం లేకపోతే పట్టికలో ఐదు నిమిషాల లోపున్న ప్రతి పేరునూ రాసుకోవాలి. ఒక్కటీ వదలకూడదు.

బుధవారం టూలూజ్ స్టేజ్. చివర్లో పెష్ డావిడ్ ఎక్కుడుంది, పొట్టిదే గానీ చాలా నిటారు. దాని ప్రొఫైల్ ఇంకా తెరవలేదు. ఈసారి ముందు టైముల పట్టిక తెరిచి, హీలీ 0:00 అని రాసి, కింద పొగాచర్ 0:29 రాశాను. మూడో పేరు రాస్తుండగా అన్న దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: “పడుకో తమ్ముడూ, రేపు విశ్రాంతి.”