మౌంట్ అవుతుంది, లిస్టింగ్ వస్తుంది, కాపీ మాత్రం కదలదు: లస్టర్‌తో నా అనుభవం

భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చిన్న క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) చూసుకుంటాను. సివిల్ వాళ్లు దాని మీద గోదావరి వరద మోడల్స్ నడుపుతారు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయల్లో నీళ్లు ఎలా దిగుతాయి, ఏ లంక ముందు మునుగుతుంది, ఇలాంటివి. అవుట్‌పుట్ ఫైళ్లు బాగా పెద్దవి కాబట్టి స్టోరేజీకి లస్టర్ పెట్టుకున్నాం, అంటే ఫైళ్లని చాలా సర్వర్ల మీద పంచి దాచే ఫైల్ సిస్టమ్. దాన్ని మెషీన్‌కి తగిలించడమే మౌంట్. ఫైళ్ల పేర్లు, పర్మిషన్లు చూసే మెటాడేటా సర్వర్ ఒకటి, అసలు డేటా దాచే సర్వర్లు రెండు, ఒక్కోదానిలో రెండేసి ఓఎస్‌టీలు, అంటే డేటా ఉండే స్టోరేజీ భాగాలు (0, 1 మొదటి సర్వర్‌లో, 2, 3 రెండోదానిలో).

వేసవిలో ఒక గాలివానకి పక్క గదిలో స్విచ్ కాలిపోయింది, సప్లయర్ మనుషులు వచ్చి కొత్తది బిగించి వెళ్లారు. మర్నాడు 1986 ఆగస్టు వరదని మళ్లీ నడిపి చూస్తున్న ఎం.టెక్ కుర్రాడి నుంచి ఫోన్. "మౌంట్ అయ్యిందండీ, ఫైళ్లు కూడా కనపడుతున్నాయండీ, రిజల్ట్స్ రాసేటప్పుడు మాత్రం అక్కడే ఆగిపోతుందండీ." వర్షాలు మొదలయ్యేలోపు వాళ్లకి ఆ రిజల్ట్స్ కావాలి. నాకూ టెన్షనే.

అందరూ ముందు ఫైర్‌వాల్ అన్నారు. లస్టర్ టీసీపీ (నెట్‌వర్క్‌లో డేటా పంపే పద్ధతి) మీద వాడే పోర్ట్ 988, అది తెరిచే ఉంది. లస్టర్ సొంత పలకరింపు కమాండ్ ఎల్‌సీటీఎల్ పింగ్‌కి మూడు సర్వర్లూ టక్కున జవాబిచ్చాయి. ఫైల్ సైజులతో సహా లిస్టింగ్ కూడా వచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మామూలుగా పేర్లు మెటాడేటా సర్వరే చెప్పేస్తుంది గానీ సైజు కోసం క్లయింట్ (స్టోరేజీని వాడే మెషీన్) వెళ్లి ఓఎస్‌టీలనే అడగాలి. అంటే డేటా సర్వర్ల దాకా మాట వెళ్తోంది, జవాబూ వస్తోంది. ఇంత జరుగుతున్నా సిస్టమ్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్‌లో మాత్రం ఓఎస్‌టీ 0002, 0003లతో కనెక్షన్ పోయింది, మళ్లీ కలిసింది, మళ్లీ పోయింది అని ఒకటే వరస. క్లయింట్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని ఒకరన్నారు, నేను వద్దన్నాను. రెండు ఓఎస్‌టీలు చక్కగా పనిచేస్తుంటే తప్పు క్లయింట్‌ది ఎలా అవుతుంది?

నాకు బాగా పనికొచ్చింది ఎల్‌ఎఫ్‌ఎస్ గెట్‌స్ట్రైప్ కమాండ్. ఏ ఫైలు ఏ ఓఎస్‌టీ మీద ఉందో అది చెబుతుంది. ఆగిపోయిన ఫైళ్లన్నీ 2, 3 మీదే ఉన్నాయి. ఇంకా గట్టిగా తేల్చుకోవడానికి ఎల్‌ఎఫ్‌ఎస్ సెట్‌స్ట్రైప్‌తో ఒక్కో ఓఎస్‌టీకి ఒక్కో ఖాళీ ఫైలు కట్టేసి, డీడీ కమాండ్‌తో వాటిలోకి డేటా తోశాను. 0, 1 వెంటనే నిండాయి, 2 దగ్గర ఆగింది. ఆ ఆగిన క్షణంలోనే ఇంకో టెర్మినల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల స్థితి చూపే ఎస్ఎస్ కమాండ్ కొట్టి చూశాను. లస్టర్ టీసీపీ మీద ఒక్కో సర్వర్‌తో కంట్రోల్‌కి ఒకటి, పెద్ద డేటా లోపలికి ఒకటి, బయటికి ఒకటి అని విడివిడి కనెక్షన్లు పెట్టుకుంటుంది. రెండో సర్వర్‌కి ఉన్న వాటిలో ఒక్కదాని సెండ్ క్యూ (పంపాల్సిన డేటా వరస) మాత్రమే నిండిపోయి కదలట్లేదు, రీట్రాన్స్‌మిట్లు (మళ్లీ పంపడాలు) పెరుగుతున్నాయి, పక్కనే ఎంఎస్ఎస్ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ డేటా) 8948 అని ఉంది. పింగ్ ఎందుకు బాగుందో అప్పుడర్థమైంది: అది వెళ్లే కనెక్షన్ వేరు, పైగా దాని మెసేజ్ చిన్నది.

ఆ 8948 చూడగానే అనుమానం జంబో ఫ్రేముల (మామూలు 1500 బైట్లకన్నా పెద్ద ప్యాకెట్లు) మీదకి పోయింది. మా మెషీన్లన్నిటికీ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000. ఫ్రాగ్మెంట్ (ముక్కలు) చెయ్యొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ కొట్టాను (ఐపీ, ఐసీఎంపీ హెడర్లు 28 కలిస్తే సరిగ్గా 9000). మొదటి సర్వర్‌కి వెళ్లింది, రెండోదానికి జవాబే లేదు. 1472తో కొడితే రెండింటికీ వెళ్లింది. రెండో సర్వర్ దారిలో ఉన్న కొత్త స్విచ్ 1500 దగ్గరే ఉండిపోయింది. కాలవ మీద పొట్టి వంతెన కింద ఖాళీ నావ దాటిపోయి, గడ్డిమేటు వేసుకున్న నావ ఇరుక్కున్నట్టే ఇది. రూటరైతే ప్యాకెట్ పెద్దదైందని వెనక్కి కబురు పంపేది, ఫ్రేముల్ని దాటించడమే పనిగా ఉన్న లేయర్ 2 స్విచ్‌కి ఆ అలవాటు లేదు, పెద్ద ఫ్రేమ్ వస్తే చప్పుడు చెయ్యకుండా పడేస్తుంది. రెండు చివరలా 9000 అనే ఒప్పుకున్నారు కాబట్టి టీసీపీ అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే "పోర్టు లైట్లు వెలుగుతున్నాయి కదండీ" అన్నారు. లింక్ ఉండటం వేరు, పెద్ద ఫ్రేమ్ దాటడం వేరు అని చెప్పి రెండు పింగ్‌ల అవుట్‌పుట్ పంపాకే స్విచ్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చారు. అది వచ్చేలోగా జాబ్ ఆగకూడదని రెండో సర్వర్ ఎంటీయూ 1500కి దించి, పాత కనెక్షన్లు తెంచి కొత్తగా కలిసేలా చేశాను. స్పీడు కొంచెం తగ్గినా రాయడం మొదలైంది. తర్వాత స్విచ్‌లో జంబో ఆన్ చేసి మళ్లీ 9000కి ఎక్కించాను.

లస్టర్ వాడేవాళ్లకి నా మాట ఒకటే, మౌంట్ అయ్యిందని నమ్మి వదిలెయ్యకండి. డేటా సర్వర్లు ఎన్ని ఉంటే అన్ని దారులు, ఒక్కోదాన్ని నిండు సైజు ప్యాకెట్‌తోనే పరీక్షించాలి. మా దగ్గర ఇప్పుడు కేబుల్ మార్చినా, స్విచ్ మార్చినా ప్రతి నోడ్ (క్లస్టర్‌లోని మెషీన్) నుంచి ప్రతి సర్వర్‌కి 8972 పింగ్, ప్రతి ఓఎస్‌టీ మీదా ఒక డీడీ, రెండూ నడిచాకే జాబ్ క్యూ తెరుస్తున్నాం.