ప్రతి వీధీ రెండుసార్లు: పేట నడక పద్దు

పేటలోని ప్రతి వీధీ నడుస్తూ ఇళ్ల కట్టుబడి గురించి రాసుకుంటున్నాను. ఇప్పటికి పెద్ద రోడ్డుకి ఉత్తరాన ఉన్న వీధులన్నీ పూర్తయ్యాయి. దక్షిణాన సగం మిగిలాయి. మ్యాపు ప్రింటు తీసుకుని నడిచిన వైపల్లా పెన్సిల్ గీత పెడుతున్నాను. వీధికి ఒక గీత కాదు, రెండు: కుడి కాలిబాటకి ఒకటి, ఎడమదానికి ఒకటి.

ఈ రెండు గీతల పద్ధతి మెడనొప్పితో మొదలైంది. గోడ పక్కనే నడుస్తూ ఆ ఇంటి పై అంతస్తు చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. అంత చేసినా కనిపించేది బాల్కనీ అడుగుభాగమే. ఎదుటి వైపు నుంచైతే పిట్టగోడ దాకా మొత్తం దొరుకుతుంది. అందుకని నేను నడిచే వైపు కాళ్ల దగ్గరి సంగతులు మాత్రమే రాసుకుంటాను: పునాది రాయి, మెట్లు, గోడ అడుగున ఎక్కిన చెమ్మ, మ్యాన్‌హోల్ మూత మీద పోసిన అక్షరాలు, మలుపులో బండి చక్రం గోడకి తగలకుండా పాతిన రాయి. ఎదుటి వరసలో పైభాగాలు రాస్తాను. తిరుగు ప్రయాణంలో రెండూ తారుమారు.

దీనివల్ల ఇంకో చిక్కు కూడా తీరింది. వీధులన్నీ ఒక్కోసారే నడిచి బయలుదేరిన చోటికి చేరాలని చాలామంది చూస్తారు. అది ఎందుకు కుదరదో 1736లోనే గణితవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల లెక్కతో తేల్చాడు. బేసి సంఖ్యలో దారులు కలిసే కూడలి ఒక్కటి కూడా లేకపోతేనే అలా చుట్టి రాగలం. ఏ పేటలోనైనా టీ ఆకారపు కూడళ్లే ఎక్కువ, అక్కడ కలిసేవి మూడు. గోడకి కొట్టుకుని ఆగిపోయే సందు చివర ఒక్కటే దారి, అదీ బేసే. రెండు వైపులా నడుద్దామని ముందే అనుకుంటే ప్రతి దారీ రెండు దారుల కింద లెక్క, కూడళ్లన్నీ సరి సంఖ్యలోకి వచ్చేస్తాయి. ఎక్కడ మొదలెట్టినా అక్కడికే తేలతాం.

ప్లాను గీసుకోవాల్సిన పనీ లేదు. చిక్కుదారుల కోసం 1895లో ఫ్రెంచి గణితవేత్త గాస్టన్ టారీ ఇచ్చిన నియమం చాలు: ఏ వీధినీ ఒకే దిశలో రెండోసారి పట్టొద్దు, ఒక కూడలికి మొట్టమొదట ఏ వీధిలో వచ్చామో దాన్ని మిగతావన్నీ అయ్యాకే తిరిగి పట్టాలి. ఎప్పుడూ ఎడమ అంచునే నడిస్తే రెండు వైపులూ వాటంతటవే పూర్తవుతాయి. ఒక రోజులో అవదు కాబట్టి ఆగిన కూడలి దగ్గర, వచ్చిన దిశ చూపిస్తూ బాణం గుర్తు వేసుకుంటాను.

వేగం సంగతి. మామూలు నడక గంటకి ఐదు కిలోమీటర్లయితే ఈ పనిలో రెండు దాటడం కష్టం. ఫోన్ ట్రాక్‌ని పెద్దగా నమ్మను. ఇరుకు సందుల్లో జీపీఎస్ సంకేతం గోడలకి తగిలి మళ్లి వస్తుంది, మనం లేని మేడ మీద నడిచినట్టు గీత వస్తుంది. ఏ కాలిబాట అయిందో చెప్పేది పెన్సిలే.

ఇళ్ల వయసు అంచనా కట్టడంలోనే నా సమయమంతా పోతోంది, పోనీ. ముఖం చూసి తేల్చకూడదన్నది నా అభిప్రాయం. వీధి వైపు గోడకి ఎప్పటికప్పుడు కొత్త పూత పడుతుంది. పక్క సందులోకి తిరిగిన గోడని ఎవరూ పట్టించుకోరు. అసలు ఇటుక అక్కడ కనిపిస్తుంది. ఒక వరసంతా పొడవు వైపు, పై వరసంతా కురచ వైపు కనిపిస్తే ఇంగ్లిష్ బాండ్ అనే పేర్పు. ఒకే వరసలో పొడవూ కురచా మార్చి మార్చి వస్తే ఫ్లెమిష్ బాండ్. రెండింట్లోనూ ఇటుకలు గోడ మందంలోకి అడ్డంగా దూరి ఉంటాయి. అన్నీ పొడవు వైపే కనిపిస్తే అది సాధారణంగా పలుచటి గోడ, లేదా వెనక బరువు మోస్తున్న వేరే గోడకి తొడుగు.

తర్వాత కిటికీ పైభాగం. కమాను కింద చదరపు కిటికీ ఉండి, మధ్య ఖాళీ పూడ్చి ఉంటే కిటికీ తర్వాత మార్చినదే. కమ్మీ వేసిన కాంక్రీటు వచ్చాక కమానుతో పని లేకపోయింది. వెడల్పు కిటికీలు, కింద దన్ను లేకుండా బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలు అప్పటివి. ఆ బాల్కనీల కింద పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తే కారణం తుప్పే. ఇనుము కంటే తుప్పుకి ఎక్కువ చోటు కావాలి, అది లోపలి నుంచి కాంక్రీటుని చీలుస్తుంది. ఆ కింద నిలబడి రాసుకోవద్దు.

సున్నంతో కట్టిన గోడ సందుల్లో తర్వాత సిమెంటు నింపిన చోట్ల ఇంకో గుర్తు చూశాను: సందులు గట్టిగా నిలిచి, ఇటుక ముఖాలే రాలిపోతాయి. సున్నం గుండా బయటికి పోయే చెమ్మ సిమెంటు దగ్గర ఆగి ఇటుకలోంచి దారి వెతుక్కుంటుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. కాబట్టి సిమెంటు కనిపించినంత మాత్రాన ఇల్లు కొత్తదని రాసుకోను, మరమ్మతు జరిగిందని మాత్రం రాస్తాను.

ఎత్తుకి పరికరమేమీ కొనలేదు. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడిస్తే 45 డిగ్రీలు. అడుగు అంచు నేలకి సమంగా పట్టి, ఏటవాలు అంచు వెంట పిట్టగోడ తల కనిపించేదాకా వెనక్కి నడవాలి. గోడ దాకా ఉన్న దూరానికి మన కంటి ఎత్తు కలిపితే మేడ ఎత్తు. దూరం అడుగుల లెక్కతోనే. ఇరుకు సందులో అంత వెనక్కి వెళ్లే చోటుండదు. అక్కడ మనిషి ఎత్తులో ఎన్ని ఇటుక వరసలున్నాయో చూసి, పైదాకా వరసలు లెక్కపెడతాను.

ఫోటోలకి ఏటవాలు ఎండ మంచిది. గోడని ఒరుసుకుంటూ వెలుగు పడితే మూసేసిన పాత గుమ్మం పూత కింద నుంచి పలుచటి గీతగా తేలుతుంది. మధ్యాహ్నం అదే గోడ నున్నగా ఉంటుంది. మనుషులు, తెరిచిన కిటికీల లోపలి భాగం పడితే ఆ ఫోటో తీసేస్తాను. ఎవరైనా ఏంటని అడిగితే మ్యాపు చూపిస్తాను, ఎక్కువసార్లు వాళ్లే ఇంటి వెనక భాగం గురించి చెప్పడం మొదలెడతారు.

దక్షిణ భాగంలో చాలా కూడళ్ల దగ్గర మేడల మూలలు కోసినట్టు ఉన్నాయి. బార్సిలోనాలో సెర్దా అనే ఇంజనీరు 1859 నగర ప్రణాళికలో వరసగా అలా కోయించాడు, మలుపులో చూపు ఆనాలని, బళ్లు తిరగాలని. ఇక్కడ అన్నీ కోసి లేవు, ఒక కూడలిలో రెండు మూలలే కోసి ఉంటాయి. కోసిన మూలల వెడల్పు కొలిచి మ్యాపు మీద పెట్టడం తర్వాతి పని. ఆ వీధులు తూర్పు పడమరలుగా ఉన్నాయి, పొద్దునా సాయంత్రమూ ఎండ కళ్లలోకే కొడుతుంది కాబట్టి మబ్బు పట్టిన రోజులు వాటికోసం దాస్తున్నాను.