ఎస్పెరాంటో మాటలు నాకు ఎలా పట్టుబడ్డాయంటే

మాటల పుట్టుపూర్వోత్తరాలంటే నాకు మొదటినుంచీ ప్రాణం. వేర్వేరు దేశాలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికని తయారుచేసిన ఎస్పెరాంటో భాష జోలికి వెళ్ళింది కూడా అందుకే. వార్సాలో ఉండే కళ్ళ డాక్టరు ఎల్. ఎల్. జామెన్‌హాఫ్ 1887లో ఈ భాష మొదటి పుస్తకాన్ని అచ్చు వేయించారు. అందులో ధాతువులు సుమారు 900. దాదాపు అన్నీ యూరప్ భాషల్లోంచి ఏరి తెచ్చినవే.

ఇంగ్లీషు వస్తే సగం పదాలు వచ్చినట్టే అంటారు. నాకైతే అంత తేలిగ్గా రాలేదు. 'బిర్దో' అంటే పిట్ట అని చప్పున తెలిసింది. కానీ 'ష్రాంకో' అంటే బీరువా అని తట్టాలంటే జర్మన్ రావాలి. 'చెవాలో' (గుర్రం) ఫ్రెంచి నుంచి, 'ఫెనెస్ట్రో' (కిటికీ) లాటిన్ నుంచి, 'క్రోమ్' (తప్ప) రష్యన్ నుంచి వచ్చాయి. 'మరియు'కి వాడే 'కాయ్' గ్రీకు మాట. అందుకని నోటుబుక్కులో ప్రతి పదం పక్కన దాని పుట్టిల్లు కూడా రాసుకున్నాను. ఊరూ పేరూ తెలిసిన మనిషి గుర్తుండిపోయినట్టే, అలా రాసుకున్న పదం మళ్ళీ మరిచిపోలేదు.

అయితే ధాతువులు సగం పనే. ఈ భాష బలమంతా ప్రత్యయాల్లో ఉంది. హైస్కూల్లో చదివే రోజుల్లో జామెన్‌హాఫ్ వీధిలో రష్యన్ బోర్డులు చూశారట. కాపలావాడి గది బోర్డు మీదా, మిఠాయి కొట్టు బోర్డు మీదా పేరు చివర ఒకే తోక. ఒక్క ప్రత్యయంతో ఒక మాటలోంచి ఎన్నో మాటలు పుట్టించవచ్చన్న ఆలోచన అక్కడే తట్టిందని ఒక ఉత్తరంలో ఆయనే రాశారు. చోటుని చెప్పే 'ఏయ్' అనే ప్రత్యయం చూడండి. లెర్నేయో పాఠశాల, కుయిరేయో వంటశాల, చెవాలేయో అశ్వశాల. మన 'శాల' చేసే పనే ఇదీ చేస్తోంది!

నాకు బాగా నచ్చిన మాట 'మాల్‌సానులేయో'. 'సాన్' అంటే ఆరోగ్యం. ముందు 'మాల్' చేరితే అర్థం తిరగబడి అనారోగ్యం అవుతుంది. 'ఉల్' మనిషిని, 'ఏయ్' చోటుని చెబుతాయి. చివరి 'ఓ' నామవాచకానికి గుర్తు. అన్నీ కలిపితే ఆసుపత్రి. ఇలా విడదీయడం అలవాటయ్యాక, ఎన్నడూ చూడని పదం ఎదురైనా డిక్షనరీ తీయకుండా అర్థం చెప్పగలిగాను. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

చాలామందికి టెన్షన్ పెట్టేది 45 మాటల పట్టిక. ప్రశ్నలూ జవాబులూ అన్నీ ఒకేచోట వరసలు కట్టి ఉంటాయి. తెలుగువాళ్ళం మనకి అది నల్లేరు మీద నడకే. కియే, తియే: ఎక్కడ, అక్కడ. కియామ్, తియామ్: ఎప్పుడు, అప్పుడు. కియోమ్, తియోమ్: ఎంత, అంత. కియెల్, తియెల్: ఎలా, అలా. ఇంగ్లీషులో ఈ జోడీ 'వేర్, దేర్', 'వెన్, దెన్' దాకా వచ్చి 'హౌ' దగ్గర తెగిపోతుంది. మనకి తెగదు. మిగిలిన వరసలూ అంతే: ఇయే అంటే ఎక్కడో, చియే అంటే అంతటా, నెనియే అంటే ఎక్కడా లేదని. 'ఇక్కడ' కావాలంటే 'తియే' పక్కన 'చి' పెడితే సరి. ఈ పట్టికని నేను బట్టీ పట్టలేదు, తెలుగు పక్కన పెట్టుకుని చదువుకుంటూ పోయానంతే.

ఇంకో సంగతి. 'మాల్' అతిగా వాడుతున్నామని కొందరు రచయితలు, ముఖ్యంగా కవులు, పొట్టి మాటలు తెచ్చారు. నెమ్మదైనదాన్ని 'మాల్‌రాపీదా' అనే బదులు ఫ్రెంచి నుంచి తీసుకుని 'లాంతా' అంటారు. కవిత్వంలో లయ కోసం అది అవసరం కావచ్చు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళ మీద ఇంకో ధాతువు భారం వేయడం నాకు ఇష్టం లేదు. 'లాంతా' చదివితే అర్థమవుతుంది, రాసేటప్పుడు మాత్రం 'మాల్‌రాపీదా' అనే రాస్తున్నాను.